గర్భంతో ఉండగా డాక్టరును మార్చుకోవాలంటే

మన ఇళ్లలో తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి రావడం ఆనవాయితీ. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఆరేడు నెలలపాటు ఒక డాక్టరుకు చూపించుకున్న అమ్మాయి, సీమంతం కాగానే రాజమండ్రికో కరీంనగరుకో వచ్చి మరో డాక్టరు దగ్గర ప్రసవిస్తుంది. దీన్ని ఎవరూ డాక్టరును మార్చడంగా లెక్కవేయరు. పురిటికి వచ్చిందంటారు, అంతే. వైద్యపరంగా చూస్తే మాత్రం ఇది పూర్తిగా డాక్టరును మార్చడమే, అదీ గర్భం చివరి నెలల్లో, ఊరు కూడా మారుతూ. డాక్టరు నచ్చక మరొకరి దగ్గరికి వెళ్లేవారు కనీసం పాత రిపోర్టులన్నీ వెతికి పట్టుకెళతారు. పుట్టింటికి వచ్చేవారు చీరలు సర్దుకున్నంత శ్రద్ధగా ఫైలు సర్దుకోరు. ఈ వ్యాసం ఇద్దరికీ ఉద్దేశించినదే.

డాక్టరును మార్చుకోవడం వల్ల తల్లికీ బిడ్డకూ దానంతట అది కలిగే నష్టం ఏమీ లేదు. నష్టమల్లా పాత డాక్టరును వదిలిన రోజుకూ కొత్త డాక్టరు బాధ్యత తీసుకున్న రోజుకూ మధ్య మిగిలిపోయే ఖాళీలో ఉంటుంది. ఆ ఖాళీలో పెరుగుతున్న బీపీని ఎవరూ చూడకపోవచ్చు, 28వ వారంలో పడవలసిన ఇంజెక్షను పడకపోవచ్చు, నెల రోజులకని రాసిచ్చిన మందు అయిపోయి ఎవరిని అడగాలో తెలియక ఆగిపోవచ్చు. అందువల్ల కొత్త డాక్టరు ఒకసారి చూసి, ఫైలు తెరిచి, తరువాతి చెకప్ తేదీ ఇచ్చేంతవరకు పాత డాక్టరును వదలకూడదు. రెండు మూడు వారాలు ఇద్దరి దగ్గరా మీ పేరు ఉన్నా తప్పులేదు; మందుల విషయంలో ఎవరి మాట చెల్లుతుందో మాత్రం తేల్చుకోవాలి.

మార్చడం అవసరమేనా

ఊరు మారడం, ఇంటికీ ఆసుపత్రికీ దూరం, ఖర్చు, నెలలు నిండని శిశువులను చూసుకునే ఎన్‌ఐసీయూ అక్కడ లేకపోవడం వంటివి చర్చ అక్కరలేని కారణాలు. ఆలోచించవలసినది, డాక్టరు నచ్చలేదన్న కారణాన్ని. పేరున్న గైనకాలజిస్టు దగ్గర సాయంత్రం ఓపీ కిక్కిరిసి ఉంటుంది, లోపలికి వెళ్లిన మనిషికి దక్కేది నాలుగైదు నిమిషాలు. ఆ కారణంతో మారితే కొత్త చోట కూడా దాదాపు అదే పరిస్థితి ఎదురవుతుంది. ముందుగా సందేహాలను కాగితం మీద రాసుకొని వెళ్లి, కూర్చోగానే "మేడమ్, ఈ రోజు మిమ్మల్ని మూడు విషయాలు అడగాలి" అని చెప్పి చూడండి. చాలామంది డాక్టర్లు కాగితం చూడగానే సర్దుకొని సమాధానం చెబుతారు. అడిగినందుకే విసుక్కుంటే, లేదా పరీక్ష చేసేటప్పుడు మీ గోప్యతను, మీ మర్యాదను పట్టించుకోకపోతే, ఇక ఆలోచించవలసిన పనిలేదు.

మన రెండు రాష్ట్రాల్లో మార్చాలన్న ఆలోచన ఎక్కువగా సిజేరియన్ మాట దగ్గర పుడుతుంది. అందులో ఆశ్చర్యం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద కాన్పుల్లో 21.5 శాతం సిజేరియన్లు కాగా, ఆంధ్రప్రదేశ్‌లో అవి 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. ఈ అంకెలు చూసిన మనిషికి అనుమానం రావడం సహజమే, అయితే మీ విషయంలో డాక్టరు చెప్పిన కారణం ఏ కోవలోదో విడిగా చూడాలి. మాయ గర్భాశయ ముఖద్వారాన్ని పూర్తిగా కప్పేసి ఉంటే ఎందరు డాక్టర్లను మార్చినా సమాధానం మారదు, మారకూడదు కూడా. నెలలు నిండాక కూడా బిడ్డ అడ్డంగానే ఉంటే అదీ అంతే. ఉమ్మనీరు తగ్గిందంటే ఎంత ఉందో అంకె అడగండి: నాలుగు భాగాల్లో కొలిచి కూడిన మొత్తం 5 సెంటీమీటర్ల కంటే తక్కువైతే తగ్గినట్టు లెక్క, ఎనిమిదో తొమ్మిదో ఉంటే ఆ మాటను మరోసారి అడిగి తెలుసుకోవాలి. బొడ్డుతాడు మెడకు చుట్టుకుందన్న కారణం మన దగ్గర తరచుగా వినబడుతుంది గాని, ఎంతోమంది పిల్లలు అలాగే చుట్టుకొని మామూలుగా పుడుతుంటారు. బిడ్డ గుండె వేగం, కదలికలు, రక్తప్రసరణను చూసే డాప్లర్ స్కాన్ బాగుంటే అదొక్కటే ఆపరేషనుకు కారణం కాదు. ఇటువంటి చోట మరొకరి అభిప్రాయం తీసుకోవడం మీ హక్కు, దానికి డాక్టరును మార్చవలసిన అవసరం కూడా లేదు. ఫైలు పట్టుకొని వెళ్లి, ఫీజు కట్టి, "రెండో అభిప్రాయం కోసం వచ్చాను" అని నేరుగా చెప్పవచ్చు.

ఏ నెలలో మారాలి

పెద్దలు నెలల్లో చెబుతారు, డాక్టర్లు చివరి నెలసరి మొదటి రోజు నుంచి వారాల్లో లెక్కిస్తారు. ఏడో నెలలోగాని తొమ్మిదో నెలలోగాని పుట్టింటికి తీసుకురావాలి, ఎనిమిదో నెలలో కదపకూడదని మన వాడుక. ఇందులో ఏడో నెల, అంటే సుమారు 27 నుంచి 30 వారాల మధ్య కాలం, వైద్యపరంగా కూడా అనువైనదే: పెద్ద పరీక్షలు చాలావరకు అయిపోయి ఉంటాయి, కొత్త డాక్టరుకు మిమ్మల్ని తెలుసుకోవడానికి రెండు నెలలకు పైగా సమయం దొరుకుతుంది. తొమ్మిదో నెలలో రావడంతోనే చిక్కు. 36 వారాలు దాటాక కొత్తగా వచ్చినవారిని చేర్చుకోవడానికి కొన్ని ప్రైవేటు ఆసుపత్రులు వెనకాడతాయి. చేర్చుకున్నా మీరు వారికి తెలియని కేసు, ఆసుపత్రి భాషలో 'అన్‌బుక్డ్'. ఉద్యోగం వల్లనో సెలవు దొరకకనో తొమ్మిదో నెలలోనే రావలసి ఉంటే, అంతకుముందు సంక్రాంతికో దసరాకో ఊరు వెళ్లినప్పుడే అక్కడి డాక్టరుకు ఒకసారి చూపించుకొని, పేరు నమోదు చేయించుకొని, ఫైలు తెరిపించుకొని తిరిగి రండి. ఆ ఒక్క పనితో రెండోసారి వెళ్లేసరికి మీరు పాత మనిషి అవుతారు. మంచి రోజు చూసుకోవడంలో తప్పులేదు. మూఢం ఉందనో అమావాస్య ముందుందనో ప్రయాణం వాయిదా పడే పక్షంలో, 34 వారాలు దాటని ముహూర్తం చూడమని పంతులు గారికి ముందే చెప్పి పెట్టండి.

మొదటి మూడు నెలల్లో మారడం అన్నిటికంటే తేలిక, దాని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మధ్య నెలల్లో మారేవారు మాత్రం కొన్ని పరీక్షలకు గడువు ఉందని గుర్తుపెట్టుకోవాలి. బిడ్డ మెడ వెనుక మందాన్ని కొలిచే ఎన్‌టీ స్కాన్ 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల లోపు మాత్రమే పనికివస్తుంది. బిడ్డ అవయవాలను పరిశీలించే టిఫా స్కాన్‌ను 18 నుంచి 22 వారాల మధ్య చేస్తారు. తీవ్రమైన లోపం బయటపడితే, 2021లో సవరించిన చట్టం ప్రకారం 24 వారాలు దాటాక గర్భస్రావానికి మెడికల్ బోర్డు అనుమతి కావాలి గనుక, ఊరు మారే హడావుడిలో టిఫాను రెండు వారాలు వెనక్కి నెట్టడం చిన్న విషయం కాదు. గర్భంలో వచ్చే షుగరును పట్టుకొనే గ్లూకోజు పరీక్ష 24 నుంచి 28 వారాల మధ్య ఉంటుంది. మీ ప్రయాణం ఈ గడువుల్లో దేనికి అడ్డం వస్తుందో చూసుకొని, ఆ పరీక్షను పాత డాక్టరు దగ్గరే పూర్తి చేయించుకొని బయలుదేరడం మంచిది.

ప్రయాణానికి అనుమతి కూడా పాత డాక్టరు నుంచే తీసుకోవాలి. మాయ కిందికి ఉన్నా, రక్తస్రావం అయి ఉన్నా, గర్భాశయ ముఖద్వారానికి కుట్టు వేసి ఉన్నా, కవలలైనా, 'రైల్లో పడుకొని వస్తుంది, పర్లేదు' అని ఇంట్లోవాళ్లు తేల్చేయకూడదు. విమానంలో వచ్చేవారిని 32 వారాలు దాటితే మన దేశంలోని విమానయాన సంస్థలు సాధారణంగా డాక్టరు ధ్రువపత్రం అడుగుతాయి.

ఫైలు, దానికి ముందు ఉండవలసిన ఉత్తరం

డాక్టరును మార్చుకుంటున్నామని చెప్పడానికి చాలామంది మొహమాటపడి, చెప్పకుండానే మానేస్తారు. చెప్పకపోవడం వల్ల పోయేది మర్యాద ఒక్కటే కాదు, ఉత్తరం కూడా పోతుంది. "పురిటికి అమ్మవాళ్ల ఊరు వెళుతున్నాను, అక్కడి డాక్టరుకు ఇవ్వడానికి నా వివరాలతో ఒక ఉత్తరం రాసివ్వండి మేడమ్" అంటే కాదనేవారు అరుదు. వేరే కారణంతో మారుతున్నా కారణం చెప్పవలసిన అవసరం లేదు, "దూరమవుతోంది" అన్నా సరిపోతుంది. ఒకవేళ ఆసుపత్రివారు రికార్డులు ఇవ్వడానికి తాత్సారం చేస్తే, 2002 నాటి భారత వైద్యమండలి వృత్తి నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలన్న సంగతి వారికి గుర్తుచేస్తూ, తేదీ వేసి, చిన్న అర్జీ రాసి, ఒక ప్రతిపై ముద్ర వేయించుకోండి. అర్జీ కాగితం చూడగానే చాలా చోట్ల పని జరుగుతుంది.

మంచి ఉత్తరం అరపేజీ ఉంటే చాలు. ఊహించి రాసిన నమూనా ఒకటి ఇలా ఉంటుంది:

"వయసు 27. జీ2 పీ1 ఎల్1. చివరి నెలసరి జనవరి 10. తొలి స్కాన్‌తో సరిపోయింది. కాన్పు తేదీ అక్టోబరు 17. తొలి కాన్పు 2022లో, బిడ్డ అడ్డంగా ఉన్నందున సిజేరియన్, కింది భాగంలో అడ్డకోత. బ్లడ్ గ్రూపు బి నెగెటివ్, భర్తది ఓ పాజిటివ్, ఐసీటీ నెగెటివ్, 28 వారాలకు యాంటీ-డి 300 మైక్రోగ్రాములు ఇచ్చాము. టిఫా 20 వారాలకు, లోపాలు కనబడలేదు. మాయ పైభాగాన, వెనుక వైపు. గ్లూకోజు పరీక్ష సాధారణం. థైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు, పరగడుపున. హిమోగ్లోబిన్ 10.2, ఐరన్ ఇస్తున్నాము. పెనిసిలిన్ పడదు."

ఇందులో ప్రతి మాటకూ పని ఉంది. జీ అంటే ఇప్పటిదాకా వచ్చిన గర్భాలు, పీ అంటే కాన్పులు, ఎల్ అంటే బతికున్న పిల్లలు. గర్భస్రావాలుంటే ఏ అని కూడా ఉంటుంది. ఐసీటీ అన్నది, నెగెటివ్ గ్రూపు తల్లి రక్తంలో బిడ్డ రక్తానికి వ్యతిరేకమైన యాంటీబాడీలు తయారయ్యాయేమో చూసే పరీక్ష. కాన్పు తేదీ తొలి స్కాన్‌తో సరిపోయిందన్న మాట అన్నిటికంటే ముఖ్యమైనది. మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్ బిడ్డ వయసును దాదాపు కచ్చితంగా చెబుతుంది, ఏడెనిమిది నెలల్లో తీసిన స్కాన్ బిడ్డ పరిమాణాన్ని బట్టి అంచనా వేస్తుంది, అందుకే రిపోర్టు రిపోర్టుకూ తేదీ మారుతుంటుంది. తొలి స్కాన్ రిపోర్టు పోగొట్టుకొని వచ్చినవారి విషయంలో కొత్త డాక్టరుకు బిడ్డ నిజంగానే చిన్నగా ఉందా, లెక్కే తప్పిందా అన్నది తేలదు. తేలకపోతే కాన్పును ముందుకు జరపాలా, ఆగాలా అన్న నిర్ణయం గుడ్డిగా తీసుకోవలసి వస్తుంది. మొత్తం ఫైల్లో ఒక్క కాగితమే కాపాడుకోగలిగితే ఆ తొలి స్కాన్ రిపోర్టునే కాపాడుకోవాలన్నది నా అభిప్రాయం.

పాత సిజేరియన్‌లో కోత ఎక్కడ, ఎలా పెట్టారన్నది పొట్టపై మచ్చను చూసి చెప్పలేరు, ఎందుకంటే చర్మంపై కోత ఒకలాగా, గర్భాశయంపై కోత మరోలాగా ఉండవచ్చు. ఈసారి మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చా అన్నది గర్భాశయంపై కోతను బట్టి ఉంటుంది, కనుక అప్పటి డిశ్చార్జి సమ్మరీని వెతికి ఫైల్లో చేర్చండి. తల్లి బ్లడ్ గ్రూపు నెగెటివ్ అయితే, ఆ యాంటీబాడీలు తయారవకుండా ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షను వేసిన తేదీ రాసి ఉండాలి. రాసి లేకపోతే కొత్త చోట వేయకుండా వదిలేయనూ వచ్చు, పడిందో లేదో తెలియక మళ్లీ వేయనూ వచ్చు. నెలలు నిండకముందే నొప్పులు వచ్చాయని బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చి ఉంటే వాటి తేదీలు, కవలలైతే వారికి మాయ ఒకటేనా రెండా అని తొలి నెలల స్కాన్‌లో రాసిన మాట, కుట్టు వేసి ఉంటే వేసిన తేదీ, ఆస్పిరిన్ లేదా రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ వాడుతుంటే మోతాదు తప్పనిసరిగా ఉండాలి. కుట్టును సాధారణంగా 36-37 వారాలకు తీస్తారు. ఉందన్న సంగతి కొత్త డాక్టరుకు తెలియకపోతే నొప్పులు మొదలయ్యాక బయటపడుతుంది. హెపారిన్ చివరగా ఎప్పుడు తీసుకున్నారో తెలియకుండా మత్తు డాక్టరు వెన్నుకు ఇంజెక్షను ఇవ్వరు.

స్కానింగు కేంద్రాలు ఇచ్చే నలుపు తెలుపు చిత్రాలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి కాబట్టి అన్నిటినీ ఫోనులో ఫొటోలు తీసి, వారాల వరుసలో పెట్టి, భర్త ఫోనులోనూ అమ్మ ఫోనులోనూ ఒక్కో ప్రతి ఉంచండి. కార్పొరేట్ ఆసుపత్రులు రిపోర్టులను తమ యాప్‌లోనే ఇస్తుంటాయి; ఊరు మారాక పాస్‌వర్డు గుర్తులేక ఇబ్బంది పడేకంటే ముందే దించుకొని ప్రింటు తీయించుకోవడం మంచిది.

ఇక ఒక నాజూకైన విషయం. మన ఇళ్లలో ఫైలు చాలాసార్లు అత్తగారి చేతిలోనో అమ్మ చేతిలోనో ఉంటుంది. పెళ్లికి ముందుదో, ఇంట్లో చెప్పనిదో ఒక గర్భస్రావం ఉండి ఉంటే, ఆ 'ఏ1' అన్న అక్షరం ఎవరి కంట పడుతుందోనని కొందరు కొత్త డాక్టరు దగ్గర దాచేస్తారు. దాచకండి. రక్తం గ్రూపు నెగెటివ్ అయినవారికి, గర్భాశయ ముఖద్వారం బలహీనంగా ఉన్నవారికి ఆ సమాచారం లేకపోతే వైద్యమే మారిపోతుంది. "మేడమ్, మీతో ఒంటరిగా రెండు నిమిషాలు మాట్లాడాలి" అని అడిగితే డాక్టరు మిగతావారిని బయటికి పంపుతారు. రోగి రహస్యాన్ని కాపాడటం డాక్టరు వృత్తి ధర్మం.

కొత్త డాక్టరును ఎంచుకోవడం

చిన్న పట్టణాల్లో కింద ఆసుపత్రి, పైన డాక్టరుగారి ఇల్లు ఉండే నర్సింగ్‌హోములు ఇప్పటికీ చాలా ఉన్నాయి. రాత్రి రెండింటికి నొప్పులు వస్తే మెట్లు దిగి వచ్చేది మీకు తెలిసిన డాక్టరే, అది వాటి బలం. మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు వేరే చోటి నుంచి ఫోను చేస్తే రావలసి ఉండటం వాటి బలహీనత. పెద్ద ఆసుపత్రిలో ఇది తలకిందులు: అందరూ లోపలే ఉంటారు గాని, నెలనెలా మిమ్మల్ని చూసిన డాక్టరు ఆ రాత్రి ఉంటారన్న నమ్మకం లేదు. ఏ తేడా లేని గర్భానికి మొదటిది సరిపోతుంది. బీపీ, షుగరు, కవలలు, కిందికి ఉన్న మాయ, పాత సిజేరియన్ ఉన్నవారికి రెండోదే మంచిది.

మొదటిసారి వెళ్లినప్పుడు అడగవలసినవి అడగండి. మత్తు డాక్టరు ఎంతసేపట్లో వస్తారు, రక్తం కావలసివస్తే ఏ బ్లడ్ బ్యాంకు నుంచి తెస్తారు, బిడ్డకు ఎన్‌ఐసీయూ అవసరమైతే ఎక్కడికి పంపుతారు, డాక్టరు ఊళ్లో లేనప్పుడు ఎవరు చూస్తారు, నొప్పుల గదిలోకి ఇంటి మనిషిని ఒకరిని రానిస్తారా, మామూలు కాన్పుకు ఎంత, సిజేరియనుకు ఎంత. పాత సిజేరియన్ ఉన్నవారు, మామూలు కాన్పుకు ప్రయత్నించే అలవాటు ఇక్కడ ఉందా అని కూడా అడగాలి. "చూద్దాం" అన్న సమాధానాన్ని మన ఊళ్లలో లేదనే అర్థం చేసుకోవడం క్షేమం. పక్కింటివారికి ఆ డాక్టరు చేతి చలవ మంచిదన్న మాట వినండి గాని, ఈ ప్రశ్నల జవాబులను అది భర్తీ చేయదు.

పాత డాక్టరు గురించి కొత్త డాక్టరు దగ్గర చెడ్డగా మాట్లాడకండి. చిన్న పట్టణంలో వారిద్దరూ ఒకే కాలేజీలో చదివినవారై ఉండవచ్చు. పైగా మీకు కావలసింది కొత్త డాక్టరు పాత కాగితాలను ఓపికగా చదవడం, తీర్పు చెప్పడం కాదు. హిమోగ్లోబిన్, మూత్రం, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ వంటి పరీక్షలు మళ్లీ రాస్తే అది సబబే. టిఫా బాగున్నా మళ్లీ అదే స్కాన్ రాస్తే, దేనికోసమో అడగండి.

చీటీలను మాత్రమే కాకుండా, మందుల డబ్బాలను కూడా సంచిలో వేసుకొని వెళ్లి బల్లపై పెట్టండి. ఒకే మందు వేర్వేరు పేర్లతో దొరుకుతుంది: థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్ రెండూ థైరాక్సినే. పాతది ఆపకుండా కొత్త చీటీలోది మొదలుపెడితే మోతాదు రెట్టింపవుతుంది. ఐరన్, కాల్షియం మాత్రల విషయంలో ఇది మరీ సాధారణం. కొత్త చీటీ తీసుకున్నాక, "వీటిలో ఏవి ఆపాలి" అని ఒక్కొక్క డబ్బా చూపించి అడిగి, ఆపవలసిన వాటిని ఇంటికి తీసుకురాకండి.

ప్రభుత్వ ఆసుపత్రులకు మారేవారికి

ప్రైవేటు నుంచి ప్రభుత్వ ఆసుపత్రికి, లేదా ఒక జిల్లా నుంచి మరో జిల్లాకు మారడం అనుకున్నంత కష్టం కాదు. తల్లీబిడ్డల రక్షణ కార్డు ఉంటే అదే మీ ఫైలు. లేకపోతే ఊళ్లోని ఆశా కార్యకర్తను లేదా ఏఎన్‌ఎమ్‌ను కలిసి నమోదు చేయించుకోండి. బయలుదేరేముందు మీ ప్రాంతపు ఏఎన్‌ఎమ్‌కు చెప్పి, పుట్టింటికి చేరగానే అక్కడి ఏఎన్‌ఎమ్‌కు కార్డు చూపించాలి, లేకపోతే ఇక్కడివారు వెళ్లిపోయిందనుకుంటారు, అక్కడివారికి వచ్చిందనే తెలియదు. పథకాల సొమ్ము ఏ నమోదుపై వస్తుందో కూడా అప్పుడే అడిగి తెలుసుకోవాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ కేంద్రాల్లో నాలుగో నెల దాటిన గర్భిణులకు డాక్టర్లు ఉచితంగా పరీక్షలు చేసే కార్యక్రమం 2016 నుంచి నడుస్తోంది. కొత్త ఊళ్లో మొదటి చూపుకు ఆ రోజు అనువుగా ఉంటుంది. 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో సిజేరియన్‌తో సహా కాన్పు, మందులు, పరీక్షలు, రక్తం అన్నీ ఉచితమే. ప్రమాదకరమైన గర్భాలను హైదరాబాదు పేట్లబుర్జు, వరంగల్లు సీకేఎం, విశాఖ ఘోషా, తిరుపతి ప్రసూతి ఆసుపత్రి వంటివి నిత్యం చూస్తుంటాయి. అక్కడ రద్దీ ఎక్కువ, ఓపిక కావాలి. కింది ఆసుపత్రి నుంచి రిఫరల్ చీటీ తీసుకొని వెళితే పని తేలికవుతుంది.

డబ్బు, పేర్లు

నగరాల్లో కాన్పు ప్యాకేజీకి ముందే డబ్బు కట్టినవారు, వాడుకోని భాగం తిరిగి వస్తుందా, ఎంత కోస్తారు అన్నది రాతపూర్వకంగా అడగాలి. ఇన్సూరెన్సు ఉంటే కొత్త ఆసుపత్రి ఆ ఇన్సూరెన్సు సంస్థ నెట్‌వర్కులో ఉందో లేదో కాన్పుకు నెల ముందే చూసుకోండి. లేకపోతే ముందు మీరు కట్టి, అసలు బిల్లులతో తరువాత రాబట్టుకోవలసి ఉంటుంది.

పేరు దగ్గర మన ఆడపిల్లలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. నగరంలోని ఫైలు అత్తింటి ఇంటిపేరుతో, ఆధార్ పుట్టింటి ఇంటిపేరుతో, పురిటి ఊళ్లో ఆసుపత్రి రికార్డు నాన్నగారు చెప్పిన ముద్దుపేరుతో నడుస్తుంటాయి. ఇన్సూరెన్సు వారు ఇక్కడే ఆపుతారు, బిడ్డ జనన ధ్రువపత్రంలో తల్లి పేరు తప్పు పడేదీ ఇక్కడే. చేరిన మొదటి రోజే ఆధార్‌లో ఉన్నట్టు అక్షరం పొల్లుపోకుండా రాయించండి.

విదేశాలకు, విదేశాల నుంచి

అమెరికాలో ఉంటూ డాక్టరును మార్చేవారికీ, అక్కడి నుంచి కాన్పుకు ఇంటికి వచ్చేవారికీ సమయమే ప్రధానం. అక్కడి చట్టం ప్రకారం రికార్డులు ఇవ్వడానికి ఆసుపత్రికి 30 రోజుల వరకు గడువుంటుంది, కొన్ని క్లినిక్కులు చివరి మూడు నెలల్లో కొత్తవారిని చేర్చుకోవు. కాబట్టి టిఫా అయిన వెంటనే పని మొదలుపెట్టాలి. బ్రిటన్ రిపోర్టుల్లో షుగరును మిల్లీమోళ్లలో రాస్తారు. మన డాక్టరుకు చూపేముందు దాన్ని 18తో గుణించి పక్కన రాసిపెట్టండి. ఇక్కడి నుంచి అమెరికా వెళ్లేవారికి 36వ వారంలో జీబీఎస్ అనే బ్యాక్టీరియా ఉందేమో చూసే పరీక్ష అక్కడ తప్పక చేస్తారు; మన దగ్గర అందరికీ చేయరు గనుక అది ఫైల్లో లేదని కంగారు పడనక్కరలేదు.

మార్పు మధ్యలో ఏదైనా జరిగితే

రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం ఉబ్బడం, ఫిట్స్, బిడ్డ కదలికలు తగ్గడం కనబడితే పాత డాక్టరా కొత్త డాక్టరా అన్న ప్రశ్నే లేదు. దగ్గరలో ఆపరేషను సౌకర్యమున్న ఆసుపత్రికి వెళ్లాలి, 108కి ఫోను చేయాలి, ఫైలు చేతిలో ఉండాలి. ఫోనులో ఫొటో పంపి "మేడమ్ ఏమంటారో చూద్దాం" అని గంటలు గడపడం, ముఖ్యంగా మునుపటి డాక్టరు మూడు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు, ప్రమాదం.

కాన్పు అయ్యాక ఇంటికి వచ్చేముందు డిశ్చార్జి సమ్మరీలో కాన్పు ఎలా జరిగింది, సిజేరియన్ అయితే కారణం ఏమిటి, గర్భాశయంపై కోత ఎలాంటిది, ఎంత రక్తం పోయింది, బిడ్డ బరువు, బ్లడ్ గ్రూపు రాసి ఉన్నాయో లేదో చదివి చూసుకోండి. తల్లి గ్రూపు నెగెటివ్, బిడ్డది పాజిటివ్ అయితే 72 గంటల్లోపు మళ్లీ యాంటీ-డి పడాలి. జనన నమోదుకు 21 రోజుల గడువు ఉంటుంది, అది కాన్పు జరిగిన ఊళ్లోనే జరుగుతుంది. అత్తింటికి తిరిగి వెళ్లాక దానికోసం మళ్లీ రావలసిన అవసరం లేకుండా, పుట్టింట్లో ఉన్నప్పుడే ఆ పత్రం తీసుకొని ఫైల్లో పెట్టుకోండి.